మహారాజశ్రీ ముక్కు గారికి

మహారాజశ్రీ ముక్కు గారి దివ్య సముఖానికి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు క్షేమంగా లేరని తుమ్ములు చెబుతూనే ఉన్నాయి.

కొత్తావకాయ తిరగకలిపే రోజే దొరికిందా మీకు సెలవు పెట్టడానికి? రోళ్లు పగిలే ఎండల్లో జలుబేమిటండీ? అమ్మ బేసిన్‌లో వేడన్నం, ఆవకాయ, నెయ్యి కలిపి అందరికీ ముద్దలు పెడుతోంది. నా వంతొచ్చింది. నోట్లో ఉప్పుంది, పులుపుంది, మంట ఉంది. ఆవకాయ మాత్రం లేదు. "ఎలా ఉందిరా?" అంది. "అదిరింది" అన్నాను. "ఈసారి ఏం మార్చానో చెప్పు చూద్దాం" అంది. నేను నీళ్లు నమిలాను. అవతల బావగారు ముద్ద మింగకుండానే, "గానుగ నూనె కదా అత్తయ్యగారూ!" అన్నారు. టెంకె ఉన్న పెద్ద ముక్క ఆయన కంచంలోకి వెళ్లిపోయింది. "వీడికి ఏం పెట్టినా ఒకటేలే" అన్న బిరుదు నాకు మిగిలింది.

ఆ మాట పడాల్సింది తమరు. ఇన్నాళ్లూ రుచి ఘనతంతా నాలుకదే అనుకున్నాం. తీరా చూస్తే ఆవిడకి వచ్చినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఓ కమ్మదనం. ఆ ఉమామికైనా 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయే ఇకెడా సముద్రపు నాచు చారును పరిశోధించి పేరు పెడితే గానీ లెక్కలోకి రాలేదు. ఉగాది పచ్చడిలో మనం రుచిగా లెక్కేసే కారం అసలు రుచే కాదట. మిరపలోని క్యాప్సైసిన్ వెళ్లి వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, నోరు కాలిందని మెదడు గోల పెడుతుంది. దాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు, స్పర్శ గుట్టు విప్పిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. అంటే ఆ రోజు నేను తిన్నది ఉప్పూ పులుపూ పట్టించిన మంట.

మిగతాదంతా మీ శాఖే. నమిలేటప్పుడు లేచిన వాసనలు గొంతు వెనక దారిన పైకెక్కి, ముక్కు లోపలి పైకప్పున ఉన్న చిన్న పొరకు తగలాలి. అక్కడ సుమారు 400 రకాల గ్రాహకాలు పెట్టుకున్నారు. ఆ గ్రాహకాల జన్యువులను 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్. ఇంత సిబ్బంది ఉండి ఏం లాభం? దారికి అడ్డంగా చీమిడి పెట్టి కూర్చుంటే మెంతి ఎక్కడ, ఇంగువ ఎక్కడ, నా గానుగ నూనె ఎక్కడ?

బామ్ రాస్తే తెరుచుకున్నట్టు ఒక నాటకం. మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాన్ని ఏమారుస్తుందంతే, లోపల దారి ఎప్పట్లాగే మూసే ఉంటుంది. గ్యాస్‌కి సొంత వాసన లేదని, లీకైతే మీరు పసిగడతారన్న నమ్మకంతో అందులో ప్రత్యేకంగా కంపు కలుపుతున్నారు. పాపం, ఎవరిని నమ్ముకున్నారో! ఒంట్లో బాగున్నప్పుడు చేసే ఘనకార్యమూ తెలుసు. మా ఇంటి వాసన నాకు తెలియనివ్వరు, గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టాలకు మాత్రం వెంటనే అందిస్తారు.

ఇక మర్యాద నావల్ల కాదు. పచ్చడి ఏడాదంతా ఉంటుందని ఓదార్చకు. జాడీలో ఊరిన ఆవకాయ వేరు, ఆవఘాటు చెదరని ఆ మొదటి ముద్ద వేరు. ఏడాదికి ఒక్కసారి వచ్చేదాన్ని మింగేశావు. నాకు పెట్టకుండా, నువ్వూ తినకుండా!

కరోనా రోజుల్లో పొద్దున్నే కాఫీపొడి డబ్బా మూత తీసి నీ ముందు పెట్టేవాణ్ని. వాసన తగిలితే హమ్మయ్య అనుకునేవాణ్ని. అప్పుడు కొందరికి నెలల తరబడి ఏ వాసనా రాలేదు. నీ వాసన కణాలు పాతవి పోయి కొత్తవి పుడుతూనే ఉంటాయట, మెదడులో చాలా కణాలకు లేని భాగ్యం అది. ఇన్ని వరాలుండి మామూలు జలుబుకే చేతులెత్తేస్తావా?

మాగాయ ముక్కలు డాబా మీద ఎండుతున్నాయి. బావగారు ఇంకా ఊరెళ్లలేదు. మూసింది ఎలా తెరుస్తావో నాకనవసరం, ఆవిరి కావాలంటే పట్టిస్తాను. ఈసారి పోపు వేసినప్పుడు పేరు పెట్టాల్సింది నేను.

ఇట్లు,
తమరిని ముఖం నడిమధ్యన పెట్టుకు మోస్తున్నవాడు