ఏరేసిన పల్లీ ఎవరింటికి?

తండ్రికి కాలేయ క్యాన్సర్, కొన్నేళ్లకు కొడుక్కీ అదే వస్తే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అనేస్తుంది ఊరు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ తరం నుంచి తరానికి వచ్చేవి జన్యువులొక్కటే కావు. తల్లి నుంచి బిడ్డకు హెపటైటిస్‌-బి వైరస్‌ సోకుతుంది. ఇంటిల్లిపాది తినేది ఒకే తిండి. పాలమూరులో ఆ తిండి సంగతి పల్లీ నుంచే మొదలుపెట్టాలి.

కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలు తడి అందక నేల వేడెక్కితే ఆస్పర్జిల్లస్‌ ఫ్లేవస్‌ అనే బూజు కాయలో చేరి అఫ్లాటాక్సిన్‌ అనే విషాన్ని తయారుచేస్తుంది. పీకిన కాయ సరిగా ఎండకపోయినా అంతే. గింజ పగలకూడదని వలిచే ముందు కాయ మీద నీళ్లు చల్లడం చేతులారా బూజును పెంచడమే. మంచి గింజ మార్కెట్‌కు పోతుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, చేలో ఏరిన పరిగె కాయలు ఇంటి చట్నీకి, గానుగకు మిగులుతాయి. విషం ఎక్కువుండేది వీటిలోనే. వేయించినా పూర్తిగా పోదు. శుద్ధి చేయని నూనెలోకీ కొంత వస్తుంది, నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క తిన్న బర్రె పాలలోకీ వస్తుంది. గానుగ నూనె మీద మోజు పెరిగింది గానీ, ఏ గింజ ఆడించారని అడిగేవారేరీ?

ఈ విషాన్ని కాలేయంలోని ఎంజైములే మరింత చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది డీఎన్‌ఏకు అతుక్కుని, క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువును 249వ కోడాన్‌ అనే చోట చెడగొడుతుంది. ఆ విషాన్ని విరిచి బయటికి పంపడంలో తోడ్పడే జీఎస్‌టీఎం1 జన్యువు కొందరికి పుట్టుకతోనే ఉండదు. హెపటైటిస్‌-బి కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. షాంఘైలో 18 వేల మంది పురుషులను పరిశీలించినప్పుడు అఫ్లాటాక్సిన్‌ ఒక్కటే ఉన్నవారిలో ముప్పు మూడు రెట్లు, వైరస్‌ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు, రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు కనిపించింది.

కాలేయ క్యాన్సర్‌కు మరో దారి కొవ్వు కాలేయం. పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువులో ఒక మార్పు ఉన్నవారికి కాలేయంలో కొవ్వు తేలిగ్గా పేరుకుంటుంది. మూడు పూటలా తెల్లన్నం, చక్కెర పానీయాలు, పెరిగే పొట్ట, రోజూ మందు తోడైతే కాలేయం గట్టిపడేదాకా పోతుంది. జన్యు పరీక్షల ప్యాకేజీలకు వేలు పోయనక్కర్లేదు. ఫలితం ఏదైనా మానాల్సినవి ఇవే.

రైతు చేయగలిగింది ఉంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి. పీకిన మొక్కలను కాయలు పైకుండేలా తిరగేసి ఆరబెట్టాలి. తేమ 8 శాతానికి దిగాక, ఊపితే గింజ గలగలమన్నాకే బస్తాకెత్తి, గోడకు ఎడంగా చెక్కల మీద పేర్చాలి. అయితే యార్డులో శుభ్రమైన కాయకు పైసా ఎక్కువ రాకపోతే ఎవరు పడతారీ తిప్పలు? అఫ్లాటాక్సిన్‌ను చౌకగా పట్టే ఎలీసా పరీక్షను పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ ఎప్పుడో రూపొందించింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, అచ్చంపేట యార్డుల్లో దాన్ని పెట్టి, నాణ్యతను బట్టి ధర కట్టాలి.

ఆరోగ్య శాఖ పని ఇంకా సులువు. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు హెపటైటిస్‌-బి టీకా పడాలి. పెద్దలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తపరీక్ష చేయాలి. ఒకరికి పాజిటివ్‌ వస్తే ఇంటిల్లిపాదినీ పరీక్షించి, లేనివారికి మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు డోసులు వేయాలి. కాలేయం గట్టిపడినవారిని ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌కు, క్యాన్సర్‌ జాడ తెలిపే ఏఎఫ్‌పీ రక్తపరీక్షకు తేదీ వేసి పిలిచే రిజిస్టరు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి.