సవరణ: యాక్సిడెంట్ సెటిల్‌మెంట్‌లో తప్పు శాతం, దావా గడువు

అమెరికాలో కారు యాక్సిడెంట్ పరిహారం మీద ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. "మీ తప్పు 20 శాతం ఉంటే ఏ రాష్ట్రంలోనైనా 20 శాతమే కోత" అన్నాం. అది నిజం కాదు.

నష్టం లక్ష డాలర్లు అనుకోండి. మీ తప్పు 20 శాతమైతే కాలిఫోర్నియాలోనూ టెక్సాస్‌లోనూ 80,000 వస్తుంది. 60 శాతమైతే కాలిఫోర్నియాలో 40,000, టెక్సాస్‌లో సున్నా. అక్కడ 50 దాటితే అంతే. మనవాళ్లు బాగా ఉన్న నార్త్ కరోలినా, వర్జీనియాల్లో మరీ ఘోరం. ప్రమాదానికి మీ నిర్లక్ష్యం ఒక్క శాతం తోడైందని తేలినా దాదాపు మొత్తం పోయినట్టే, మినహాయింపులు చాలా ఇరుకు. అందుకే అవతలి డ్రైవర్ ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్‌కి ఎంత ఇవ్వాలో తేల్చే మనిషి) ఫోన్ చేసి, రికార్డు చేస్తూ, "మీరెంత స్పీడ్‌లో ఉన్నారు?" అని తియ్యగా అడుగుతాడు. "కాస్త స్పీడ్‌గానే ఉన్నానండీ" అన్నారా, ఆఫర్ అక్కడే ఆగిపోవచ్చు. అవతలి కంపెనీకి అలా స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. సొంత కంపెనీ సంగతి వేరు, సహకరించాలని పాలసీలోనే ఉంటుంది.

రెండోది గడువు. ఫ్లోరిడాలో 4 ఏళ్లని రాశాం, అది పాత లెక్క, ఆ తర్వాత కొత్త చట్టం వచ్చింది. 2023 మార్చి 24 తర్వాత జరిగిన ప్రమాదాలకు 2 ఏళ్లే. ఆలోపు కోర్టులో దావా పడాలి. క్లెయిమ్ నంబర్ వచ్చింది, బేరం నడుస్తోంది అంటే గడువు ఆగదు. అదే చట్టంతో ఫ్లోరిడా కూడా టెక్సాస్ బాటే పట్టింది: తప్పు 50 శాతం దాటితే పైసా రాదు.