ఆకుకూర చేసే పని మాత్ర చేయలేదు

తోటకూరను సన్నగా తరిగి, ఆ తర్వాత కుళాయి కింద పెట్టి కడుగుతాం. గోంగూర పులుపు విరగాలని ఉడికించి, ఆ నీళ్లు సింకులో వార్చేస్తాం. ఆకులోని ఫోలేట్ నీళ్లలో కరిగే విటమిన్, ఎక్కువసేపు ఉడికినా తగ్గిపోతుంది. డబ్బు పెట్టి కొన్నదాంట్లో కొంత కంచంలోకి రాకముందే కాలువపాలవుతోంది. అదే ఇంట్లో, అదే అల్మారాలో గుండెకు మంచిదని కొన్న విటమిన్ మాత్రల సీసా ఉంటుంది. ఈ పద్ధతి మారాలని మేము గట్టిగా కోరుతున్నాం.

ఫోలేట్ అంటే బి9 విటమిన్. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి తీసినప్పుడు, లాటిన్‌లో ఆకు అనే మాట మీదే దానికి పేరు పెట్టారు. తర్వాత ఫోలేట్‌కు మాత్రల రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసిన, లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఫోలేట్ తక్కువైతే రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది. అది ఎక్కువున్నవాళ్లలో గుండె జబ్బులూ ఎక్కువే కనిపించాయి. ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 42 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు 1,980 మందిని దాదాపు పదేళ్లు గమనించారు. తిండి ద్వారా ఫోలేట్ బాగా అందిన ఐదోవంతు మందికి, అతి తక్కువ అందినవాళ్లతో పోలిస్తే గుండెపోటు ముప్పు సగం కన్నా తక్కువని 2001లో తేల్చారు.

మరి మాత్ర మింగితే సరిపోదా? అదీ చూశారు. హోప్-2 పరిశోధనలో 5,522 మందిలో సగం మందికి ఐదేళ్లపాటు ఫోలిక్ యాసిడ్, బి6, బి12 కలిపి ఇచ్చారు. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. నార్వేలో గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 3,749 మందిలోనూ అంతే. ఈ రెండు ఫలితాలూ 2006లోనే వచ్చాయి. చైనాలో బీపీ ఉన్నవాళ్లకు బీపీ మందుతో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తే పక్షవాతం తగ్గిన మాట నిజమే, అది 2015 నాటి ఫలితం. గుండెపోటు విషయంలో మాత్రం మాత్ర గెలవలేదు.

ఎందుకంటే పప్పూ ఆకుకూరా తినేవాళ్లకు అందేది ఫోలేట్ ఒక్కటే కాదు. పీచు, పొటాషియం కూడా అందుతాయి, వేపుళ్లు కొంత తగ్గుతాయి. అలాంటివాళ్ల మిగతా అలవాట్లూ మెరుగ్గా ఉండొచ్చు. అందుకే ఫోలేట్ తింటే గుండెపోటు రాదని మేము అనడం లేదు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. అది బిడ్డ వెన్నెముకకు సంబంధించిన విషయం. బి12 తక్కువున్న శాకాహారులు సొంతంగా ఫోలిక్ మాత్రలు మింగితే అసలు లోపం బయటపడక నరాలు దెబ్బతినే ప్రమాదముంది.

గుండెకు రక్ష అంటూ విటమిన్ మాత్రలు అమ్మే ప్రకటనల మీద అధికారులు కన్నేయాలి. బడి మధ్యాహ్న భోజనంలో ఆకుకూర పప్పు పేరుకు నాలుగు ఆకులతో కాకుండా నిండుగా ఉండాలి. రైతుబజార్లలో పదకొండు గంటలకే ఎండకు వాడిపోయే తోటకూర కట్టలకు కాస్త నీడ, తడి గోనెసంచి ఏర్పాటు చేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇంట్లో అయితే ముందు కడిగి తర్వాత తరగండి, పప్పులోనే వేసి ఉడికించండి. ఆ నీళ్లు పప్పులోనే ఉంటాయి.