ముందు పైపులో సున్నం సంగతి చూడండి

సోలార్ వాటర్ హీటర్‌లో నీళ్లకు బదులు నానోఫ్లూయిడ్, అంటే అతి సన్నని రేణువులు కలిపిన ద్రవం వాడితే సామర్థ్యం పెరిగిందని చెప్పే ప్రాజెక్టు రిపోర్టులు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో వస్తూనే ఉన్నాయి. అంకెలు ఊరిస్తాయి. కానీ హన్మకొండ డాబాల మీదున్న హీటర్లకు వాటితో ఒరిగేది తక్కువ. నానోఫ్లూయిడ్‌కు పని లేదని కాదు, ఆ పని వేరే చోట ఉంది.

నీళ్ల ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 0.6 వాట్లయితే రాగిది 400 దాకా ఉంటుంది. అందుకే 100 నానోమీటర్ల లోపు లోహ రేణువులను ద్రవంలో కలిపి చూద్దామన్న ఆలోచన పుట్టింది. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో స్టీఫెన్ చోయ్ 1995లో దీనికి నానోఫ్లూయిడ్ అని పేరు పెట్టారు. తొలినాళ్లలో కొన్ని ఫలితాలు సిద్ధాంతానికి అందనంత గొప్పగా ఉండటంతో అందరూ ఇటే పరుగెత్తారు. తీరా 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను పంచుకుని కొలిస్తే అద్భుతమేమీ తేలలేదు. మిశ్రమాల వాహకత మీద పందొమ్మిదో శతాబ్దంలో మాక్స్‌వెల్ వేసిన లెక్కకే అవి సరిపోయాయి.

ఆ లెక్క ప్రకారం ఘనపరిమాణంలో ఒక శాతం గుండ్రటి రేణువులు కలిపితే వాహకత సుమారు 3 శాతం పెరుగుతుంది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం చిక్కదనం కూడా రెండున్నర శాతం పెరుగుతుంది, రేణువులు గుంపుకడితే ఇంకా ఎక్కువ. వచ్చిన లాభంలో కొంత పంపు కరెంటుకే పోతుందన్నమాట. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) అయితే ఆ ఒక్క శాతానికి లీటరుకు దాదాపు 40 గ్రాముల పొడి కావాలి.

ధ్వని తరంగాలతో కలిపే సోనికేటర్‌లో గంటల తరబడి కలిపిన అల్యూమినా ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. సీసాను కదపకుండా అల్మారాలో పెడితే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి చేరతాయి, పైన నీళ్లు తేటపడతాయి. అలా కాకుండా సబ్బులాంటి సర్ఫెక్టెంట్ కలుపుతారు. వాటిలో కొన్ని వేడికి పట్టు వదిలేస్తాయి. వేడి మోయడానికే తయారైన ద్రవానికి వేడే గిట్టకపోవడం విడ్డూరమే!

అసలు చిక్కు ఇంకోటి ఉంది. అద్దం కింద నల్ల ప్లేటు, దానికి అతికిన పైపులు ఉండే ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్‌లో వేడి ఎక్కువగా పోయేది పై అద్దం నుంచి గాలిలోకి. ప్లేటు నుంచి నీళ్లలోకి వేడి దిగడం ఇప్పటికే బాగానే జరుగుతోంది. బాగున్నచోట ఇంకాస్త బాగు చేస్తే మొత్తంమీద తేడా కొద్దిగానే ఉంటుంది. గాజు గొట్టాల హీటర్లలోనైతే నీళ్లు నేరుగా గొట్టాల్లోకి దిగి, వేడెక్కి ట్యాంకులోకి ఎక్కుతాయి. పొద్దున ఆ నీళ్లతోనే స్నానం. అందులో రాగి రేణువులు ఎవరు కలుపుకుంటారు? దానికి ఆ ద్రవం విడిగా తిరిగే లూపు, దాని వేడిని నీళ్లకు అందించే హీట్ ఎక్స్ఛేంజర్ కావాలి. అక్కడ కొన్ని డిగ్రీలు పోతాయి.

ఇక బోరు నీళ్ల సంగతి సరేసరి. ప్లంబర్ హీటర్ విప్పి పైపును నేలకేసి తడితే తెల్లటి పెచ్చులు రాలతాయి. ఆ సున్నానికి రాగి వాహకతలో వందో వంతు కూడా లేదు. ఏడాదికోసారి ఆ సున్నం తీయించి (డీస్కేలింగ్), అద్దం మీద దుమ్ము కడిగితే వచ్చే లాభం ముందు ఒక శాతం అల్యూమినా ఏపాటి?

నానోఫ్లూయిడ్ సత్తా వాహకతలో కన్నా రంగులో ఉంది. నీళ్లు పరారుణ కిరణాలను పీల్చుకుంటాయి గానీ కంటికి కనిపించే వెలుగును వదిలేస్తాయి. వెయ్యో వంతు కన్నా తక్కువ కార్బన్ రేణువులు కలిపితే సెంటీమీటరు లోతులోనే ఎండ దాదాపు అంతా ఆగిపోతుంది. నల్ల ప్లేటుతో పని లేదు, ద్రవమే వేడెక్కుతుంది. ఇలాంటి చిన్న కలెక్టర్‌లో ఒటానికార్ అనే పరిశోధకుడి బృందం 2010లో 5 శాతం దాకా మెరుగుదల చూపింది. ఇంత పలచటి ద్రవంతో పంపుకూ పెద్ద భారం ఉండదు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది సోలార్ ప్యానెళ్ల దగ్గర. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి కోల్పోతుంది. మే ఎండలో 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 జులైలో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటుకు కింది నీళ్ల చల్లదనం కొంత కలిసొస్తుంది. డాబా మీద ప్యానెళ్లకు ఆ వెసులుబాటు లేదు. తరంగదైర్ఘ్యం 1.1 మైక్రాన్లు దాటిన పరారుణాన్ని సిలికాన్ కరెంటుగా మార్చలేదు. సరైన రేణువులున్న ద్రవాన్ని ప్యానెల్ ముందు పలచగా పారిస్తే ఆ భాగాన్ని ముందే పట్టేసి, పనికొచ్చే వెలుగును లోపలికి వదులుతుంది. కరెంటు ఒక దారిన, వేడి ఇంకో దారిన వస్తాయి.

ఆ వేడి ఎవరికి కావాలి? మే నెలలో ఇళ్లలో వేడినీళ్లు ఎవరూ అడగరు. కరీంనగర్, పెద్దపల్లి వైపు బాయిల్డ్ రైస్ మిల్లులకు మాత్రం సరిగ్గా అప్పుడే యాసంగి వడ్లు వస్తాయి. ఎండలకు నూక ఎక్కువ అవుతుందని వాటిని ఉడకబెట్టే ఆడిస్తారు, నానబెట్టడానికి వేడినీళ్లు కావాలి. ఆవిరికి ఊక బాయిలర్ ఎలాగూ ఉంటుంది, నానబెట్టే నీళ్లను కొంతమేర ఎండతో కాచుకోవచ్చు. మన కాలేజీలు ఇకపై ప్రయోగం పెడితే అలాంటి మిల్లు కప్పు మీద, సీజన్ మొత్తం పెట్టాలి. పంపుకు విడిగా మీటరు బిగించాలి. చివరి లోడు దిగాక లూపు విప్పి, అడుగున ఎంత మడ్డి చేరిందో తూచి ఆ బరువును కూడా రిపోర్టులో రాయాలి.