ఐదు పౌండ్ల జరిమానా గారికి

మహారాజశ్రీ నెలకు ఐదు పౌండ్ల జరిమానా గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. తమరు పుట్టింది 1518లో, లండన్‌లో. ఎనిమిదో హెన్రీ రాజు అక్కడి వైద్యుల కాలేజీకి (చదువు చెప్పే కాలేజీ కాదు, వైద్యుల సంఘం) సన్నదు రాసిస్తూ, తమర్ని కూడా సారెలా వెంట పంపాడు. నగరంలోనూ చుట్టూ ఏడు మైళ్లలోనూ కాలేజీ అనుమతి లేకుండా వైద్యం చేసేవాడు నెలకు ఐదు పౌండ్లు కట్టాలి. సగం రాజుగారికి, సగం కాలేజీకి. తిలా పాపం తలా పిడికెడు! ఆ ఏడు మైళ్లు దాటితే వైద్యులకు లైసెన్సులిచ్చేది ఎక్కువగా బిషప్పులు. అక్కడ ఆత్మా అజీర్తీ ఒకే ఖాతా.

తమరి పట్టుదలకు జోహార్లు. మార్గరెట్ కెనిక్స్ అనే ఆవిడ పేదలకు ఆకులూ వేళ్లతో వైద్యం చేసేది. ఆమెను వైద్యం చేసుకోనివ్వమని 1581లో సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి తరఫున ఆవిడ మంత్రి వాల్సింగమ్ గారు ఉత్తరం రాశారు. కాలేజీ కుదరదంది. రాణిగారి సిఫార్సే చెల్లని ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? 1592 ప్లేగులో ఊరు వదలకుండా జాతకాలు చూసి మందులిచ్చిన సైమన్ ఫోర్మన్‌కు జరిమానాలూ పడ్డాయి, జైలూ పడింది. (జాతకం చూసి మందేంటని నేనూ అడుగుతాను. కానీ ఆ రోజుల్లో పట్టా ఉన్న డాక్టర్లూ గ్రహాలు చూసేవారు.) ఇక 1665 ప్లేగులో కాలేజీ వైద్యులు చాలామంది ఊరు విడిచి పోతే, దొంగలొచ్చి కాలేజీ పెట్టె ఖాళీ చేశారు. తమరి సంపాదన కూడా అందులో ఉందో ఏమో, పాపం.

అసలు బాధ థామస్ బోనమ్ విషయంలో. ఆయనకు కేంబ్రిడ్జ్ పట్టా ఉంది. లేనిది కాలేజీ అనుమతి. 1606లో ముందు ఐదు పౌండ్లు, తర్వాత పది, ఆ తర్వాత జైలు. ఫిర్యాదీ కాలేజీ, తీర్పరి కాలేజీ, సొమ్ములో వాటా కాలేజీది. 1610లో జడ్జి ఎడ్వర్డ్ కోక్ ఇదేం పద్ధతన్నాడు. తన వ్యాజ్యంలో తానే జడ్జిగా కూర్చోకూడదన్నాడు. చెడ్డ వైద్యం చేసినవాణ్ణి జైల్లో వెయ్యొచ్చు, ఎందుకంటే దెబ్బ తగిలేది మనిషి ఒంటికి. అనుమతి లేకపోయినా బాగా చేసినవాడి వల్ల ఎవరి ఒంటికీ నష్టం లేదు కదా అన్నాడు. చూశారా, తమరి కథలోకి రోగి రావడానికి తొంభై రెండేళ్లు పట్టింది!

వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని మాలో ఓ సామెత ఉంది. తమరి లెక్కలో చంపినా బతికించినా ఒకటే, ఐదు పౌండ్లు.

కోక్ గారు ఇంకో మాట కూడా తేల్చారు. నెల నిండా వైద్యం చేస్తేనే తమరు వర్తిస్తారట. అంతకన్నా తక్కువైతే ఐదు పౌండ్లు అడగడానికి లేదట. అంటే నాలుగు వారాలకు ఒక రోజు తక్కువగా మందులిచ్చి దుకాణం సర్దేస్తే తమరు గుమ్మం దగ్గరే నిలబడాలి. తమరి కోసం కాకపోయినా, ఆ ఒక్క రోజు ఎవరికి జ్వరమొస్తుందోనని నాకు టెన్షన్.

ఇట్లు,
నెల నిండకముందే ఉత్తరం ముగిస్తున్న
తమ విధేయుడు