సాన పార్టీ, కొత్త పార్టీ, డబ్బా పార్టీ

2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విడగొట్టి తిరుపతిని వేరే జిల్లా చేశారు. ఆఫీసులు, ఫైళ్ళు, కుర్చీలు అన్నీ పంచుకున్నారు. తిరుపతిలో ఉన్న నాకూ చిత్తూరులో ఉన్న మా మామకూ మధ్య మాత్రం ఒక ఆస్తి ఇంకా ఉమ్మడిగానే ఉంది. పాత బిస్కెట్ డబ్బా నిండా కన్నాలు వేసే డ్రిల్ బిట్లు. దీని మీద ఇంతవరకు ఒక్క కమిటీ కూడా వెయ్యకపోవడం విచారకరం.

మామది సాన పార్టీ. "అల్లుడూ, మొద్దుబారిందని బిట్టును పారేసేవాడు రేపు పళ్ళూడిపోయాయని మామనూ పారేస్తాడు" అంటారు. ఇనుములోకి దిగే బిట్టు చుట్టలు చుట్టలుగా పొట్టు తియ్యాలట. పొడి రాలినా, కీచుమన్నా, పొగ లేచినా సాన పట్టాల్సిందే. మొన కోణం 118 డిగ్రీలు ఉండాలి, రెండు అంచులూ సమానంగా రావాలి, అంచు వెనక భాగం కాస్త కిందికి వాలాలి. వాలకపోతే బిట్టు కొయ్యదు, ఊరికే రుద్దుతుంది. ఇవన్నీ ఆయన కంటితోనే కొలుస్తారు. శుక్లాల ఆపరేషన్‌కు ముందూ, తర్వాతా ఆ కొలత ఒక్కటే.

సంక్రాంతికి వెళ్తే నాకూ సాన పట్టే గ్రైండర్ దగ్గర అక్షరాభ్యాసం చేశారు. 6 ఎం.ఎం. బిట్టు. నిప్పురవ్వలు చూసి భయపడుతూనే ఒక అంచు తళతళలాడించాను. ఇంతలో భోజనానికి పిలుపు. రెండో అంచు అలాగే ఉండిపోయింది. తిరుపతివాణ్ణి, తిరుపతి క్షవరం నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఆ బిట్టుతో వేసిన కన్నం ఎంత వెడల్పయిందంటే, బోల్టు అందులో తీరిగ్గా ప్రదక్షిణలు చేసింది.

కొత్త పార్టీకి మా అబ్బాయి నాయకుడు. "ఆ గంటలో బజారుకెళ్ళి నాలుగు కొత్తవి తేవచ్చు నాన్నా. కొండ మీద కల్యాణకట్టలో కూడా తలకో కొత్త బ్లేడే కదా!" దేవుణ్ణే సాక్ష్యానికి పిలిచాక ఏం వాదిస్తాం? పైగా గోడ బిట్టు విషయంలో వాడిదే న్యాయం. దాని మొనకు అతికించిన, ఉక్కుకన్నా గట్టిదైన కార్బైడ్ ముక్క మామ గ్రైండర్‌లోని బూడిదరంగు రాయికి లొంగదు. ఆకుపచ్చ రంగు సానరాయో, వజ్రపు చక్రమో కావాలి. టీ ఖర్చుకు వచ్చే బిట్టుకు వజ్రం!

ఇంతకీ జనం ఏ పార్టీయో ఈ ఇద్దరికీ పట్టలేదు. మనది డబ్బా పార్టీ. మొద్దుబారిన బిట్టును సాన పట్టం, పారెయ్యం. ఉఫ్ అని ఊది, పదునైనవాటి మధ్యే మళ్ళీ పెడతాం. అవసరానికి సరిగ్గా అదే చేతికొస్తుంది.

మొన్న శ్రీవారి పటం తగిలిద్దామని చెయ్యి పెడితే అదే వచ్చింది. పది నిమిషాలు ఒళ్ళంతా బరువేసి నొక్కాను. గోడకు చుక్క పడింది, బిట్టు మొన నీలంగా మారింది. చల్లారాక జాగ్రత్తగా డబ్బాలో పెట్టాను. పటం ఇప్పటికీ సోఫాలోనే ఉంది. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకుని పక్కన సర్దుకు కూర్చుంటున్నారు.