ముర్రా గౌరి గారు వేదిక మీదకు రావాలి

శాలువా ఇంకా బండి హ్యాండిల్‌కే వేలాడుతోంది. లోపలికి తేబుద్ధి కాలేదు. రాత్రి పదకొండైంది. పాకలో గౌరి నెమరేస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. దానికేం, హాయిగా ఉంది.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. రావులపాలెం దాటాక హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్లో యువ పశుపోషకులకు రెండు రోజుల నాయకత్వ సదస్సు పెట్టారు. ఎవరు పెట్టారని అడక్కండి, పదిహేను రోజులకోసారి పాల డబ్బులు వాళ్ల చేతిమీదుగానే రావాలి. మాది కొత్తపేట పక్కన పల్లె. ఇంట్లో ఆరు గేదెలు, ఒక ఆవు, రెండు పెయ్యలు, మా అమ్మ. నాయకత్వం అంతా అమ్మదే. నేను ఇంజనీరింగ్ చదివి, కరోనా టైములో ఇంటికొచ్చి, పేడ తీస్తూ ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. నాకు సదస్సుల మీద మోజేమీ లేదు. కానీ వచ్చినవాళ్లందరికీ స్టీలు బకెట్టు ఇస్తారని మా బావ చెప్పాడు. బకెట్టు మాట చెవిన పడగానే అమ్మే నన్ను బయల్దేరదీసింది.

పేరు నమోదుకి వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. దాన్ని నేను ఎప్పుడు నింపానో చెప్పాలి. తెల్లవారుజామున అయిదుకి లచ్చిమి దగ్గర దూడని వదిలి, అది చేపేదాకా, అంటే పొదుగులోకి పాలు దిగేదాకా, ఖాళీగా నిలబడతాం కదా, ఆ రెండు నిమిషాల్లో నింపాను. మొదటి గడిలోనే ఎర్ర చుక్క పెట్టి ‘పశువు ట్యాగ్ నంబరు’ అని అడిగింది. ఎదురుగా రాటకి కట్టేసిన గౌరి చెవికున్న పసుపు బిళ్ల చూసి 12 అంకెలూ కొట్టాను. ఆ బిళ్ల సంగతి తెలియనివాళ్లకి ఒక మాట: మనకి ఆధార్ ఎలాగో పశువులకి అదలాగ. మన ఆధార్‌కీ 12 అంకెలే, దానికీ 12 అంకెలే. గాలికుంటు టీకా వేసినా, ఎదకొస్తే సూది వేయించినా అంతా ఆ నంబరు మీదే ఎక్కుతుంది. గౌరి విషయంలో ఇంకొంచెం ఎక్కువే ఎక్కింది. ఆ వివరాలు రాసుకునే మనిషి ఎప్పుడొచ్చినా మా అమ్మ కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, ‘గౌరి అని రాయి బాబూ, ఉత్త గేదె అని రాయకు’ అని దగ్గరుండి అన్నీ రాయించింది.

నంబరు కొట్టగానే కింద గడులన్నీ టకటకా వాటంతటవే నిండిపోయాయి. ఆహా, టెక్నాలజీ అంటే ఇదీ అనుకున్నాను. ఏం నిండిందో చూడలేదు. ఈలోపు లచ్చిమి చేపేసింది, ఫోను జేబులో పెట్టి తపేలా పట్టుకున్నాను. చూడకపోవడం నా తప్పే. కానీ మనుషులు రావాల్సిన సదస్సుకి మనిషి పేరు అడిగే గడి ఒక్కటి కూడా పెట్టనివాడి తప్పు ఎంతుందో మీరే తూకం వేయండి. ఫోన్ నంబరు ఒక్కటే నాది. ఓటీపీ నాకే వచ్చింది. మిగతాదంతా గౌరిదే.

పొద్దున్నే అరటి గెలల లారీల మధ్య నుంచి బండి తప్పించుకుంటూ నేనూ బావా హాలుకి చేరాం. గుమ్మంలో ఒకమ్మాయి నా ఫోన్‌లోని కోడ్ స్కాన్ చేసి, పసుపు తాడుకి కట్టిన కార్డు మెడలో వేసింది. అచ్చం పలుపు వేసినట్టే ఉంది. కార్డు మీద క్యూఆర్ గడి అరచేయంత, పేరు చీమంత. పైగా అది ఎప్పుడూ తిరగబడే వేలాడుతుంది. చదవాలని నాకు తోచలేదు. నా పేరు నాకు తెలుసు కదా.

మా డెల్టాలో ఏ సభైనా కాటన్ దొరతోనే మొదలవ్వాలి. పెళ్లికి వినాయకుడు, సభకి కాటన్ దొర. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, వరి పండింది, గడ్డి మిగిలింది, గడ్డి తిని గేదె పాలిచ్చింది, కాబట్టి మీరంతా నాయకులు కావాలి అని ముఖ్య అతిథి తేల్చేసరికి పదకొండున్నర. తర్వాత ఒక పశువైద్యుడు మాట్లాడారు. పని తెలిసిన మనిషి. మైనస్ 196 డిగ్రీల నత్రజనిలోంచి తీసిన వీర్యం స్ట్రాని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచాలి, మనవాళ్లు అరచేతుల మధ్య రుద్దేసి వేస్తారు, చూడి కట్టకపోతే, అంటే కడుపు నిలవకపోతే, గేదెని తిడతారు అన్నారు. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయించమన్నారు. సదస్సు మొత్తంలో నేను పుస్తకంలో రాసుకున్నది ఇదొక్కటే. ఆయనకి పది నిమిషాలిచ్చారు. ‘నీలోని సింహాన్ని నిద్రలేపు’ అని చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కోటు మనిషికి గంటన్నర ఇచ్చారు. పశువులు పెంచుకునేవాళ్లకి సింహం గోలేమిటో నాకైతే అర్థం కాలేదు. మా పాక దగ్గర సింహం పడుకుని ఉంటే నిద్రలేపే రకం కాదు మేం.

భోజనాల ముందు సన్మానం. ఆదర్శ యువ పశుపోషకులు పది మందిని, రికార్డులన్నీ పూర్తిగా ఉన్నవాళ్లని చూసి, కంప్యూటరే ఎంచిందట. యాంకరమ్మ కూడా సింహం ఆయనతోపాటు వచ్చినావిడే. పట్టుచీర, ఎఫ్ఎం గొంతు. తొమ్మిది మంది వెళ్లారు, కప్పించుకున్నారు, దిగారు. వాళ్ల వివరాలు సరిగ్గానే ఎలా వచ్చాయో, అది నాకు ఇప్పటికీ మంటే.

‘ఇప్పుడు మన పదో ఆణిముత్యం... ముర్రా గౌరి గారు!’

హాల్లో ఎవరూ లేవలేదు. ఇంటిపేరు వింతగా ఉందే అనుకున్నాను. ఈ చుట్టుపక్కల వినలేదు, హర్యానా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లేమో అని కూడా అనుకున్నాను. అదీ నిజమే, ముర్రా జాతి గేదెల పుట్టిల్లు హర్యానాయే. పాపం ఎవరో ఆడపిల్ల, స్టేజీ ఎక్కడానికి సిగ్గుపడుతున్నట్టుంది, ప్రోత్సహిద్దాం అని అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. అవును, నేనే.

‘వారు వచ్చేలోపు వారి గురించి నాలుగు మాటలు’ అని కాగితం తీసింది యాంకరమ్మ. వయసు దగ్గర ఒక క్షణం ఆగింది. అక్కడ 8 అని ఉంది. ముందు అంకె ఎగిరిపోయిందనుకుందో ఏమో, ఇరవై ఎనిమిది అని చదివేసింది. నాకు ఇరవై తొమ్మిది. పోనీ, దగ్గరే.

‘గౌరి గారు పశుపోషకురాలే కాదండీ, మంచి క్రీడాకారిణి కూడా! ఈతలో మూడో స్థానం!’

ఇక్కడ కాస్త ఆగాలి. గేదె ఈనితే అదీ ఈతే, కాలవలో కొట్టేదీ ఈతే. ‘ఈత: 3’ అని కాగితం మీద ఉంటే, పాక చూసినవాడికి మూడుసార్లు ఈనిందని అర్థమవుతుంది. స్విమ్మింగ్ పూల్ చూసినవాళ్లకి ఇంకోలా అర్థమవుతుంది. యాంకరమ్మని తప్పుపట్టడానికి లేదు. ఆ మాటకొస్తే గౌరికి రెండు ఈతలూ వచ్చు, ఎండాకాలం కాలవలోకి దిగిందంటే చీకటి పడేదాకా గట్టెక్కదు. కానీ ఆవిడ ఎదురుగా కూర్చున్న మూడు వందల మందీ పొద్దున్నే పాలు పితికి వచ్చినవాళ్లు. కుడితి తొట్టిలో బుడగలు లేచినట్టు వెనక వరసల్లో నవ్వు ఒక్కొక్కటే లేచింది.

ఆ నవ్వుని ఆవిడ మెచ్చుకోలు అనుకుంది. ఉత్సాహం హెచ్చింది. తర్వాతి గడి ‘చూడి: 7 నెలలు’. కళ్లు చిట్లించింది. అచ్చు తప్పు పడిందని ఖాయం చేసుకుంది. అచ్చు తప్పుని స్టేజీ మీదే సరిదిద్దేసింది.

‘అంతేకాదు, జూడో కూడా! ఏడు నెలలుగా!’

నేను ఇంతవరకు మనుషులు కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వడం మాటల్లోనే విన్నాను. నిజంగానే నా ముందు వరసలో ఒకాయన ప్లాస్టిక్ కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయాడు. వెనకనుంచి ఎవరో అరిచారు: ‘ఇంకో మూడు నెలల పది రోజులాగండి మేడమ్, మెడల్ బయటికొచ్చేత్తాది, ఆయ్!’ లెక్క చూడండి, గేదె మోసేది పది నెలల పది రోజులు. ఆ నవ్వులో కూడా ఒక్క రోజు తేడా రానివ్వలేదు. పశుపోషకులంటే వాళ్లు.

సరిగ్గా అప్పుడు నా చప్పట్లు ఆగాయి. మూడు ఈతలు, ఏడు నెలల చూడి, పేరు గౌరి. ఈ మూడూ ఉన్న శాల్తీ జిల్లా మొత్తం మీద నాకు ఒక్కతే తెలుసు. అది ఆ టైముకి మా పాకలో ఎండుగడ్డి తింటూ ఉంటుంది. నేను మెల్లగా కార్డు తిప్పబోయాను. బావ నాకంటే ముందే తిప్పాడు. చదివాడు. నా మొహం చూశాడు. తోడబుట్టినవాడైతే కార్డు చొక్కాలోకి తోసి, కిమ్మనకుండా కూర్చునేవాడు. బావ కదా, లేచి నిలబడి చెయ్యెత్తాడు.

‘ఆయ్, గౌరి గారు ఈయనేనండీ!’

కుర్చీకీ స్టేజీకీ మధ్య ఇరవై అడుగులుంటుంది. అంత దూరం నేను ధవళేశ్వరం దాకా కూడా ఎప్పుడూ నడవలేదు. నడుస్తుంటే ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. ‘రోజుకు పన్నెండు లీటర్లు’ అని చదివి, ఏం అర్థమైందో, ‘అదీ వారి ఆరోగ్య రహస్యం’ అంది. నేను మెట్టు ఎక్కేసరికి చివరి గడి దగ్గరికొచ్చింది. ‘గుర్తులు: మెలి తిరిగిన కొమ్ములు...’

ఆగింది. కాగితం మీంచి తలెత్తి నన్ను చూసింది. మొహం కాదు, నెత్తి. రెండు పక్కలా చూసింది. అప్పుడు హాల్లో ఎంత నిశ్శబ్దం అంటే, జనం మళ్లీ నవ్వడానికి ఊపిరి తీసుకుంటున్నారన్నమాట.

ముఖ్య అతిథి మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. ఎడమ చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కుడి చేత్తో శాలువా కప్పి, ఫొటో వైపు తిరిగి నవ్వి, ‘ఆడవాళ్లు ఇలా ముందుకు రావాలమ్మా’ అన్నాడు. నాకు మీసం ఉంది. చిన్నది కూడా కాదు.

దిగగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడి దగ్గరికి వెళ్లాను.

‘తమ్ముడూ, పేరు తప్పు పడింది, మార్చాలి.’

‘ట్యాగ్ మీద ఎక్కిపోయిందన్నా. మార్చాలంటే యజమాని రావాలి.’

‘నేనే యజమానిని.’

స్క్రీన్ చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ స్క్రీన్‌నే నమ్మాడు.

‘మీరు గౌరి కదన్నా.’

ఇంకేమంటాం. ఒంగోలు గిత్త కూడా ఓడెక్కి బ్రెజిల్ వెళ్లాక అక్కడ నెలోరె అయిపోయింది, మన నెల్లూరు పేరు. ఊరు ఒంగోలు, పేరు నెల్లూరు. ఆ రేవులో కూడా ఇలాంటి కుర్రాడే ఒకడు కూర్చుని ఉంటాడు.

భోజనం గురించి రాయను. ఒక్క ముక్క చెప్తాను: మూడు వందల మంది పాడి రైతులకి ప్యాకెట్ పెరుగులో నీళ్లు కలిపి పోశారు. మధ్యాహ్నం ఏదో గ్రూపు ఆట ఆడించారు. బకెట్టు ప్లాస్టిక్‌ది.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, లేదా ఆ సదస్సు వాళ్లని నాలుగు తిడుతుందనుకున్నాను. బకెట్టు అడుగుని వేలితో కొట్టి చూసి పక్కన పెట్టింది.

‘రోజుకి పన్నెండా? ఈనిన కొత్తలో కూడా పదకొండున్నర దాటలేదు కదరా. అంతమందిలో అబద్ధం ఎందుకు చదివించావు?’

‘నేను చదివించలేదమ్మా.’

‘మరి శాలువా ఎందుకు తీసుకున్నావు? దానిది కదా.’

ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ‘గౌరి గారూ, రేపు ఉదయం 10 గంటలకు మహిళా పాడి రైతుల నాయకత్వ చర్చలో మీరు వక్తగా పాల్గొంటున్నారు. రాగలిగితే 1, రాలేకపోతే 2 నొక్కండి.’

2 నొక్కాను.

‘ధన్యవాదాలు. మీ హాజరు నమోదైంది.’